నీళ్ళు పంచుకునే ఊరు: వలెన్సియాలో ఒక గురువారం

స్పెయిన్ వెళ్ళొచ్చాం అని మనవాళ్ళెవరైనా అనగానే వచ్చే మొదటి ప్రశ్న "బార్సిలోనాలో ఎన్ని రోజులున్నారు?" అని. అందులో తప్పేం లేదు. గౌడీ రూపకల్పన చేసిన ఆ చర్చి చూడకుండా స్పెయిన్ చూశామంటే ఎవరూ నమ్మరు కూడా. కానీ బార్సిలోనా ఒకసారి చూసేసిన వాళ్ళకీ, పిల్లలతో పరుగులు పెట్టకుండా ఒక ఊరిని నింపాదిగా చూడాలనుకునే వాళ్ళకీ నేను చెప్పే పేరు వలెన్సియా. బార్సిలోనా నుంచి మధ్యధరా తీరం వెంబడే దక్షిణంగా రైల్లో సుమారు మూడు గంటలు, లండన్ నుంచి విమానంలో రెండున్నర గంటలు. దాదాపు 8 లక్షల జనాభాతో స్పెయిన్‌లో ఇది మూడో పెద్ద నగరం. క్రీస్తు పూర్వం 138లో రోమన్లు పెట్టిన ఊరు. తర్వాత అయిదు శతాబ్దాలు అరబ్బుల ఏలుబడిలో ఉండి, 1238లో ఒకటవ హైమే రాజు చేతికొచ్చింది.

2025 మే నెలాఖరున హాఫ్ టర్మ్ సెలవులకి మేం నలుగురం అక్కడికి వెళ్ళి నాలుగు రోజులున్నాం. నేను, మా ఆవిడ, 14 ఏళ్ళ మా అమ్మాయి, 9 ఏళ్ళ మా అబ్బాయి. నాలుగు రోజుల ముచ్చట్లూ రాస్తే ఈ సంచికలో ఇంకెవరికీ చోటుండదు కాబట్టి ఒక్క గురువారం గురించే చెబుతాను. ఎందుకు గురువారమే అంటే, ఈ ఊళ్ళో గురువారం మధ్యాహ్నం 12 గంటలకు మాత్రమే కనిపించే వింత ఒకటుంది. పైగా ఆ రోజు మేం ఎక్కడికి వెళ్ళినా, ఏం తిన్నా, మాటలు తిరిగి తిరిగి నీళ్ళ దగ్గరికే వచ్చాయి. గోదావరి కాలువ గట్టున పుట్టినవాణ్ణి కనక నాకు అలా అనిపించిందేమో తెలియదు. మీరు వెళ్ళినప్పుడు చూసి చెప్పండి.

పొద్దున్నే మార్కెట్

మెర్కాదో సెంత్రాల్ అనే పెద్ద మార్కెట్‌తో రోజు మొదలుపెట్టాం. 1914లో పని మొదలుపెట్టి 1928లో తెరిచారట. ఇనుము, గాజు, రంగు పింగాణీ పెంకులు కలిపి కట్టిన డోము, లోపలికి పడే వెలుతురు చూస్తే కూరగాయల మార్కెట్‌కి ఇంత హంగు దేనికి అనిపిస్తుంది. డోము కొసన గాలివాటం చూపడానికి పెట్టింది మామూలుగా కోడిపుంజు అనుకుంటాం కదా, ఇక్కడ చిలక! మావాడు దాన్ని పట్టేశాడు. ఇక ఆ రోజంతా ఏ గోపురం కనిపించినా పైనేముందో చూడడమే వాడి పని.

లోపల కుంకుమపువ్వు, ఎండుమిరప పొడి, గోనెసంచుల్లో బియ్యం, తొట్లలో కదులుతున్న పాముల్లాంటి ఈల్ చేపలు, వలసంచుల్లో నత్తలు. "నాన్నా, ఇవి తింటారా?" అని మావాడు రెండడుగులు వెనక్కి వేశాడు. పండ్ల కొట్టు ముందు మాత్రం మా అమ్మాయికి ఒక కొత్త సంగతి దొరికింది. స్పానిష్‌లో కమలాపండుని 'నరాన్హా' అంటారు. రాసేటప్పుడు మాత్రం చివర్లో జె అక్షరం ఉంటుంది. ఆ జెని మనలా పలికి చూడండి: నరాంజా. మన నారింజే! సంస్కృతంలోని నారంగం పారశీకం, అరబ్బీల మీదుగా ఇక్కడికొచ్చి స్థిరపడింది. వీళ్ళ పంచదార 'అసూకర్' కూడా మన శర్కరే, అరబ్బీ బాటనే వచ్చింది. అసలు పండు కూడా ఆసియా నుంచి వచ్చిందే. ఇంట్లో తెలుగు మాట్లాడమంటే మొహం ముడుచుకునే మా అమ్మాయి ఆ ఒక్క మాట ఫోన్‌లో రాసుకుంది. నేను గమనించనట్టు ఊరుకున్నాను.

మార్కెట్‌కి ఎదురుగానే 'లోన్హా' ఉంది. పట్టు వర్తకుల బేరాల భవనం. పేరే కాకుండా పనిలో కూడా మన స్టాక్ ఎక్స్ఛేంజి లాంటిది. 1482లో మొదలుపెట్టి ప్రధానమైన హాలుని 1498 నాటికి పూర్తి చేశారు. పేరే కొంప్తే అనే శిల్పి పర్యవేక్షణలో కట్టింది. 1996 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఇంటి దగ్గర పిల్లలకి గోథిక్ అంటే ఏమిటో పుస్తకంలో చూపించి చెప్పే బదులు ఈ హాల్లో అయిదు నిమిషాలు నిలబెడితే చాలు. రాతి స్తంభాలు పేనిన మోకుల్లా మెలికలు తిరుగుతూ పైకి లేచి, కప్పు దగ్గర తాటిమట్టల్లా విచ్చుకుంటాయి. రాయి బరువు ఎక్కడా తెలియదు. గోడల పైభాగాన చుట్టూతా లాటిన్‌లో బంగారు అక్షరాలు. వర్తకుడు అబద్ధం ఆడకుండా, తోటివాడిని మోసగించకుండా, వడ్డీకి అప్పులివ్వకుండా ఉంటే ఈ లోకంలో సంపదా ఆ తర్వాత మోక్షమూ దొరుకుతాయని దాని సారాంశం. పక్కనే ఉన్న బురుజులో అప్పులెగ్గొట్టిన వర్తకులని బంధించేవారట. గోడ మీద నీతి, పక్కగదిలో జైలు. రెండూ ఒకే కప్పు కింద పెట్టిన వాళ్ళు వ్యవహారం తెలిసినవాళ్ళే అనుకున్నాను.

పన్నెండు గంటలకు కోర్టు

అక్కడి నుంచి కెథెడ్రల్‌కి నడిచి పది నిమిషాలు కూడా పట్టదు. ఏసుక్రీస్తు చివరి విందులో వాడిన పాత్ర తమ దగ్గరే ఉందని ఈ కెథెడ్రల్ వాళ్ళు చెబుతారు. 'మికలెత్' అనే గంటస్తంభానికి 207 మెట్లు. పిల్లలు ఎక్కారు, మేం కింద నీడలో కూర్చున్నాం. వెనకవైపు చౌకులో ఒక ఫౌంటెన్ ఉంది. మధ్యలో దర్జాగా ఒరిగి పడుకున్న మగమనిషి తూరియా నది. చుట్టూ కూజాలతో నీళ్ళు ఒంపుతున్న ఎనిమిది మంది ఆడపిల్లలు ఆ నది నుంచి తీసిన ఎనిమిది కాలువలు. నదిని మగవాడిగా, కాలువలని ఆడపిల్లలుగా ఎందుకు చేశారని మా అమ్మాయి అడిగింది. మనకి గోదావరి తల్లి కదా మరి. నా దగ్గర జవాబు లేదు.

పన్నెండు కొట్టేసరికి నల్లటి వదులు చొక్కాలు తొడుక్కున్న పెద్దవాళ్ళు కొందరు జనం మధ్య నుంచి నడిచొచ్చి, కెథెడ్రల్ గుమ్మం ముందు ఇనప కటకటాల లోపల గుండ్రంగా వేసిన పాత తోలు కుర్చీల్లో కూర్చున్నారు. ఇదే నీళ్ళ కోర్టు. యూరప్‌లో ఇంకా నడుస్తున్న న్యాయస్థానాల్లో అతి పాతవాటిలో ఒకటి. అరబ్బుల కాలంలో, పదో శతాబ్దంలో మొదలైందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. కెథెడ్రల్ ఉన్నచోట అప్పట్లో మసీదు ఉండేది. కాలువకి వీళ్ళు వాడే 'అసెకియా' అన్న మాట కూడా అరబ్బీదే.

ఆ కుర్చీల్లో కూర్చున్న వాళ్ళెవరూ లా చదివినవాళ్ళు కారు. రైతులు. ఒక్కో కాలువ కింది రైతులు తమలో ఒకరిని ఎన్నుకుని పంపిస్తారు. ఇత్తడి కొక్కెం ఉన్న కర్ర పట్టుకున్న బంట్రోతు ఒక్కో కాలువ పేరూ పిలుస్తాడు. క్వార్త్ కాలువ మీద ఫిర్యాదు ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా? మిస్లాతా కాలువ? ఫవారా? తగాదా ఉంటే ఇద్దరూ ముందుకొచ్చి నోటితోనే చెప్పుకుంటారు. వకీళ్ళుండరు. విచారణ రాతలో ఉండదు. తగాదా ఏ కాలువదో ఆ కాలువ ప్రతినిధి తీర్పులో కలగజేసుకోడు. అక్కడికక్కడే తీర్పు, దాని మీద అప్పీలు లేదు. స్పెయిన్ 1978 రాజ్యాంగం ఇలాంటి సంప్రదాయ న్యాయస్థానాలని గుర్తించింది. 2009లో యునెస్కో దీన్ని మానవజాతి వారసత్వంలో చేర్చింది.

మేం వెళ్ళిన రోజు ఏ కాలువ పేరుకీ ఎవరూ పలకలేదు. అయిదు నిమిషాల్లో అంతా ముగిసింది. చుట్టూ ఉన్న టూరిస్టులు "ఇంతేనా?" అన్నట్టు మొహాలు చూసుకున్నారు. నాకు మాత్రం ఆ అయిదు నిమిషాలే బాగా నచ్చాయి. కోర్టు తెరిచి, పిలిచి, తగాదా లేదని తెలుసుకుని లేచి వెళ్ళిపోవడం కన్నా ఏం కావాలి? మా ఆఫీసులో చర్చించడానికి ఏమీ లేకపోయినా మీటింగ్ గంట కంటే ముందు ముగిసిన చరిత్ర లేదు.

ఇందులో అసలు కిటుకు కోర్టు కాదు, దాని వెనకున్న లెక్క. ఇక్కడ నీళ్ళు మనిషివి కావు, భూమివి. పొలం అమ్మితే నీటి హక్కు దాంతోపాటే పోతుంది, విడిగా నీళ్ళు అమ్ముకోవడానికి లేదు. కాలువకి రావాల్సింది ఇన్ని లీటర్లు అని కాదు, నదిలో ఉన్నదాంట్లో ఇంత వాటా అని. నది నిండుగా ఉంటే అందరికీ నిండుగా, తగ్గితే అందరికీ ఆ మేరకు తగ్గుతుంది. మా తాతగారి చేను కాలువ శివారున ఉండేది. ఎగువ వాళ్ళు తూము ఎత్తేసుకుంటే దిగువన బోదెలు ఎండిపోవడం, రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని గట్టు మీద కాపలా, లస్కరుతో వాదులాట, ఎండాకాలం రెండో పంటకి వంతుల దగ్గర తలలు పగిలిన కథలు వింటూ పెరిగాను. వంతు నీళ్ళు అన్న మాటని మా పిల్లలకి వివరించడానికి అర్థగంట పట్టింది. కొళాయి తిప్పితే వచ్చేవాటికి వంతేమిటని వాళ్ళ సందేహం.

అన్నట్టు ఈ ఊరి కాలువలకీ మన దేశానికీ పాత చుట్టరికం ఉంది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది కదా. ఆ తర్వాత 1867-68లో స్కాట్ మాన్‌క్రీఫ్ అనే ఇంజనీరు భారత ప్రభుత్వం తరఫున ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీ దేశాల కాలువలన్నీ తిరిగి చూసి ఒక రిపోర్టు రాశాడు. క్లెమెంట్స్ మార్కమ్ అనే ఆయన తూర్పు స్పెయిన్ సాగునీటి మీద విడిగా ఇంకో రిపోర్టు రాసి 1867లో అచ్చు వేయించాడు. మన దగ్గర కాలువలు తవ్వేవాళ్ళు ఇక్కడి రైతుల దగ్గర పాఠం నేర్చుకోవాలనుకున్నారన్న మాట. ఇళ్ళూ, కాలువలూ తవ్వడం నేర్చుకున్నంత సులువుగా ఈ కుర్చీల పద్ధతి నేర్చుకోవడం కుదరలేదు కాబోలు.

ఎండ మండుతోంది. పక్క సందులోని ఓర్చాతా కొట్లో దూరాం. ఓర్చాతా అంటే పాలలా కనిపించే చల్లటి పానీయం, కానీ పాలు కాదు. 'చూఫా' అనే చిన్న గడ్డలని నానబెట్టి, రుబ్బి, పిండి, పంచదార కలుపుతారు. ఊరికి ఉత్తరాన అల్బొరాయా చుట్టుపక్కల పండిస్తారు. గడ్డల ఫోటో చూడగానే మా ఆవిడ "ఇవి తుంగగడ్డలు కాదూ!" అంది. నిజమే. మన చేలల్లో కలుపని పీకి గట్టు మీద పారేసే తుంగకి ఇది దగ్గరి చుట్టం, ఒకే కుటుంబం, ఒకే జాతి. వీళ్ళు దాన్ని సాగు చేసి, గ్లాసులో పోసి, 'ఫార్తోన్' అనే మెత్తటి పొడుగాటి బన్ను అందులో ముంచుకుని తింటున్నారు. రుచి కొంచెం కొబ్బరిపాలు, కొంచెం బాదం పాలు. పిల్లలు రెండో గ్లాసు అడిగారు.

నది ఎక్కడికి పోయింది?

భోజనానికి ఊరికి దక్షిణాన ఉన్న ఎల్ పల్మార్ అనే పల్లెకి సిటీ బస్సులో బయల్దేరాం. ఊరు దాటుతుండగా బస్సు ఒక వంతెన ఎక్కింది. కింద రెండువైపులా గట్లు కట్టిన బ్రహ్మాండమైన వెడల్పు కాలువ, అంత వెడల్పుకి నీళ్ళు మాత్రం అంతంత మాత్రం. "ఇదేం నది?" అన్నాడు మావాడు. తూరియా అన్నాను. "ఫౌంటెన్‌లో పడుకున్నాయనా? మరి ఊళ్ళో కనబడలేదే?"

ఊళ్ళో కనబడదు. 1957 అక్టోబర్ 14న తూరియా పొంగి వలెన్సియాని ముంచేసింది. అధికారిక లెక్క ప్రకారమే 80 మందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బతో ప్రభుత్వం నదినే ఊరి నుంచి తీసేయాలని నిర్ణయించింది. 1960లలో ఊరికి దక్షిణంగా సుమారు 12 కిలోమీటర్ల పొడవున కొత్త నదీమార్గం తవ్వి, నీళ్ళని అటు మళ్ళించి సముద్రంలో కలిపారు. మేం దాటుతున్నది అదే. ఊరి మధ్యలోని పాత నది ఎండిపోయింది.

2024లో వలెన్సియా యూరప్ హరిత రాజధాని బిరుదు అందుకుంది. అదే ఏడాది అక్టోబర్ 29న పశ్చిమాన కొండల్లో కుంభవృష్టి కురిసింది. చీవా అనే ఊళ్ళో ఎనిమిది గంటల్లో సుమారు 490 మిల్లీమీటర్లు. వాళ్ళకి దాదాపు ఏడాది వాన. ఆ నీళ్ళు తూరియాలోకే కాదు, 'పోయో' అనే వాగులోకీ వచ్చాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు చుక్క నీరు లేని వాగు అది. పైపోర్తా, కతర్రోహా, అల్ఫఫార్, పికాన్యా వంటి ఊళ్ళ మధ్య నుంచి, పక్క నుంచి వెళుతుంది. అక్కడ అప్పటికి పెద్దగా వాన కూడా లేదు. పనుల నుంచి ఇళ్ళకొస్తున్న వేళ, కార్లు పైకి తీద్దామని సెల్లార్లలోకి దిగిన వేళ నీళ్ళొచ్చి పడ్డాయి. ఫోన్లకి ప్రభుత్వ హెచ్చరిక రాత్రి 8 దాటాక మోగింది. వలెన్సియా రాష్ట్రంలో 220 మందికి పైగా చనిపోయారు. ఒక్క పైపోర్తాలోనే 40 మందికి పైగా.

కొత్త నది వల్ల వలెన్సియా నగరం మాత్రం నిక్షేపంగా ఉంది. 1957లో మునిగిన వీధుల్లో ఈసారి కాళ్ళు తడవలేదు. గట్టుకి అవతల, నగరానికే చెందిన లా తొర్రే వంటి పేటలు మునిగాయి. మర్నాటి నుంచి నగరంలోని కుర్రాళ్ళు, ఆడపిల్లలు చీపుళ్ళు, పారలు భుజాన వేసుకుని కొత్త నది మీది కాలినడక వంతెన దాటి వేలాదిగా అవతలికి నడిచి బురద ఎత్తారు. ఆ ఫోటోలు మీలో చాలామంది చూసే ఉంటారు.

బస్సులో నేనిది చెబుతుంటే మా ఆవిడ కిటికీ వైపు తిరిగి వింటోంది. వాళ్ళ పిన్నిగారిల్లు విజయవాడ సింగ్ నగర్‌లో. అదే 2024లో, సెప్టెంబర్ 1 తెల్లవారేసరికి బుడమేరు ఆ ఇంటి కింది వాటాని ముంచేసింది. పెద్దవాళ్ళిద్దరూ నాలుగు రోజులు మేడ మీదే. పడవలు వచ్చేదాకా డ్రోన్లు జారవిడిచిన పొట్లాలే దిక్కు. మేం ఇక్కడ ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. "అందరూ కృష్ణనే చూస్తూ కూర్చున్నారు. బుడమేరు సంగతి ఎవరికి పట్టింది?" అంది మా ఆవిడ. అక్కడా ఇక్కడా ముంచింది పెద్ద నది కాదు, పక్కనున్న వాగు. రెండు చోట్లా వాగు పారే నేలలోకి ఇళ్ళు వచ్చేశాయి. కొత్త నది తవ్వడం తప్పని నేననను. 8 లక్షల మందిని కాపాడింది అది. కానీ నీళ్ళు తక్కువైనప్పుడు వాటాలు వేసుకోవడానికి వెయ్యేళ్ళుగా ఒక కోర్టు ఉన్న చోట, ఎక్కువైనప్పుడు ఎవరి వాటాకి ఎంత పడుతుందో అడగడానికి అలాంటి గుమ్మమేదీ లేదు. ఇది నా అభిప్రాయం మాత్రమే, ఇంజనీర్లు క్షమించాలి.

అడుగు మాడు

అల్బుఫేరా అంటే అరబ్బీలో చిన్న సముద్రం. సముద్రానికీ దీనికీ మధ్య సన్నటి ఇసక తిన్నె. సరస్సు చుట్టూ సుమారు 14 వేల హెక్టార్ల వరి. బస్సు దిగగానే ఆ వాసన! బురద, నీళ్ళు, లేత వరి. మే నెలాఖరు కనక మళ్ళ నిండా నీళ్ళు, పైకి తేలుతున్న పచ్చటి మొలకలు, వాటి మధ్య కొంగలు. ఇక్కడ నారుపోసి నాట్లు వేయడం ఇప్పుడు తక్కువ, నీళ్ళలోనే విత్తనం వెదజల్లి సెప్టెంబర్‌లో కోస్తారు. 'బారాకా' అనే పాతకాలపు ఇళ్ళు అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. రెల్లు, మట్టితో కట్టిన ఏటవాలు కప్పు. మా తాతగారి ఊళ్ళో తాటాకిళ్ళు గుర్తొచ్చాయి. 2024 వరదలో పోయో వాగు తెచ్చిన బురద, చెత్త, ఇంటి సామాన్లు చివరికి చేరింది ఈ సరస్సుకీ, ఈ చేలకే.

పయేయా పుట్టిల్లు ఇదే. ('పాయెల్లా' అని మనం చదువుతాం, రెండు ఎల్ అక్షరాలు పక్కపక్కనుంటే వీళ్ళు 'య' అంటారు.) అసలు పయేయా అంటే వంటకం కాదు, ఆ వెడల్పాటి లోతులేని మూకుడు పేరు. పొలం పనికొచ్చినవాళ్ళు దగ్గరున్నవాటితో వండుకున్నది: కోడి, కుందేలు, వెడల్పు బీన్స్, 'గర్రొఫో' అనే పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, టమాటా, కుంకుమపువ్వు, ఆలివ్ నూనె, ఒక్కోసారి నత్తలు. రొయ్యలూ, చేపలూ ఈ అసలు పయేయాలో ఉండవు. అవి వేస్తే వేరే పేరు, వేరే వంట. సాసేజి ముక్కలు వేస్తే మాత్రం ఇక్కడివాళ్ళు మనతో మాట్లాడడం మానేస్తారు. మన హైదరాబాద్ వాళ్ళ దగ్గర కూరగాయల పలావుని బిర్యానీ అని చూడండి, అదే మొహం పెడతారు.

మా ఆవిడ గురువారాలు మాంసం ముట్టదు. కాబట్టి మేం ముగ్గురం ఒక పెద్ద మూకుడు, ఆవిడకి కూరగాయలతో ఒక చిన్న మూకుడు చెప్పాం. మాంసం ముక్కల రసం కలవకూడదని వడ్డించే ఆయనకి ఒకటికి రెండుసార్లు చెబితే, "మూకుడే వేరు, చింతపడకండి" అన్నాడు. ముప్పావుగంట పట్టింది. పట్టాలి కూడా. నారింజ కట్టెల మంట మీద ముందు ముక్కలు, కూరలు వేయించి, నీళ్ళు పోసి మరిగించి, ఆ రసంలో బియ్యం వేస్తారు. ఒకసారి పరిచాక ఇక గరిటె పెట్టకూడదు. ఆ బియ్యం పొట్టిగా, గుండ్రంగా, మన చిట్టిముత్యాలకి లావుపాటి అన్నలా ఉంటుంది. దాని రెండింతలకి పైగా రసం పీల్చుకుని కూడా చిట్లదు.

అసలు బహుమతి అడుగున ఉంటుంది. మూకుడికి అంటుకుని కరకరలాడే పొరని 'సొకర్రాత్' అంటారు. మన అడుగు మాడే! చిన్నప్పుడు పులిహోర కలపడానికి ముందు గిన్నె అడుగు మాడు కోసం నేనూ మా చెల్లీ కొట్టుకున్నట్టే మా పిల్లలిద్దరూ చెంచాలతో కొట్లాడారు. వడ్డించే ఆయన అది చూసి తెగ సంబరపడ్డాడు. నల్లగా మాడితే వంటవాడు ఓడినట్టు, అసలు అంటకపోతే కూడా ఓడినట్టేనట. పళ్ళేల్లో పెట్టుకోకుండా మూకుడు మధ్యలో పెట్టుకుని ఎవరి ముందున్న ముక్క వాళ్ళు కొయ్యచెంచాతో తినడం ఇక్కడి మర్యాద. పక్కవాడి వాటాలోకి చెంచా పోకూడదు. ఇక్కడ కూడా వాటాలే!

ఆయనది కతర్రోహా. బిల్లు తెచ్చినప్పుడు, వరదలో మీకేమీ కాలేదు కదా అని మా ఆవిడే అడిగింది. నేను రాత్రి భోజనాల షిఫ్టులో ఇక్కడే ఉన్నాను, మా అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంది అన్నాడు. చేతిని తన ఛాతీ దగ్గర అడ్డంగా పెట్టి నీళ్ళు అంతవరకూ వచ్చాయని చూపించాడు. పై వాటా వాళ్ళు ఆవిణ్ణి చెయ్యి పట్టి లాగారట. కారు పోయింది, ఫోటోలన్నీ పోయాయి, అమ్మ ఉంది అన్నాడు. మా ఆవిడ ఫోన్ తీసి సింగ్ నగర్‌లో పిన్నిగారి గోడ మీద నీటి చార ఫోటో చూపించింది. ఇద్దరికీ మధ్య భాష సగం సగమే. ఆ ఫోటోకి అది అవసరం పడలేదు.

తర్వాత సరస్సులో పడవ ఎక్కాం, ముప్పావుగంట షికారు. బాగుంది.

ఎండిన నదిలో సాయంత్రం

ఊళ్ళోకి తిరిగొచ్చి పాత నదిలోకి దిగాం. నిజంగానే మెట్లు దిగి. నదిని మళ్ళించాక ఈ ఖాళీ నేలలో హైవే వేయాలని అప్పటి ప్రభుత్వం తలపెట్టింది. జనం ఒప్పుకోలేదు. ఈ నది మాది, మాకు పచ్చగా కావాలి అని 1970లలో ఉద్యమం చేశారు. ఫ్రాంకో నియంతృత్వం ఇంకా పూర్తిగా చల్లారని రోజుల్లో అది చిన్న విషయం కాదు. 1976లో రాజు ఈ నేలని నగరానికి రాసిచ్చాడు. 1980ల నుంచి ముక్కముక్కగా తోట వేశారు. ఇప్పుడు సుమారు 9 కిలోమీటర్ల పొడవున ఊరి నడుమ పచ్చటి నది. పైన పాత రాతి వంతెనలు అలాగే ఉన్నాయి, కింద సైకిళ్ళు, ఫుట్‌బాల్, యోగా, పుట్టినరోజు పార్టీలు. నీళ్ళు లేని వంతెన కింద నిలబడి మావాడు పైకి చూసి "నిజంగా ఇక్కడ చేపలుండేవా?" అన్నాడు.

పిల్లలున్నవాళ్ళు ఇక్కడ గలివర్ పార్కుని వదలకండి. లిల్లిపుట్ వాళ్ళు తాళ్ళతో కట్టేసిన 70 మీటర్ల గలివర్, వాడి జుట్టు, చొక్కా మడతలు, వేళ్ళు అన్నీ జారుడుబల్లలే. మా అమ్మాయి 14 ఏళ్ళ పెద్దరికం మర్చిపోయి నాలుగుసార్లు జారింది. ప్రవేశ రుసుము లేదు.

నది తోట కిందికి నడిస్తే 'కళల, శాస్త్రాల నగరం' వస్తుంది. పోస్టుకార్డుల్లో కనిపించే తెల్లటి భవనాలు ఇవే. ఈ ఊరివాడైన సాంతియాగో కలత్రావా రూపకల్పన. 1998లో కన్ను ఆకారంలో ఉన్న హెమిస్ఫెరిక్, 2000లో అస్థిపంజరంలాంటి సైన్స్ మ్యూజియం, 2005లో శిరస్త్రాణంలాంటి ఆపెరా భవనం వచ్చాయి. 2003లో తెరిచిన ఓషనోగ్రాఫిక్ అక్వేరియంలో ప్రధాన భవనాన్ని ఫెలిక్స్ కందెలా గీశారు. సైన్స్ మ్యూజియంలో ఏదీ ముట్టుకోకుండా ఉండకూడదన్నది నియమం. అందుకే మర్నాడు పొద్దంతా అక్కడే గడిపాం. ఖర్చు వంద కోట్ల యూరోలు దాటిందని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ సణుగుతారు. 2013లో గాలికి ఆపెరా భవనం మీది పింగాణీ పెంకులు ఊడిపడితే అంతా పీకి మళ్ళీ అతికించాల్సి వచ్చింది. నది పారిన చోట నీళ్ళు తెచ్చి పోసి నిస్సారంగా నిలబెట్టిన కొలనుల్లో ఆ తెల్లటి నీడలు అందంగానే ఉంటాయి. పిల్లలు వీటికే ఎక్కువ మార్కులు వేశారు. నాకు మాత్రం పొద్దున చూసిన లోన్హా స్తంభాలే ఇంకా కళ్ళల్లో ఉన్నాయి. మా ఆవిడ ఎటూ తేల్చలేదు.

రాత్రి 9 దాటాక గానీ చీకటి పడలేదు. హోటల్‌కి నడుస్తుంటే పాత వీధిలో ఒక గోడ మీద పింగాణీ పలక కనిపించింది. 1957 వరదలో నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయో చూపే గుర్తు. ఇలాంటివి ఊళ్ళో ఇంకా చాలా ఉన్నాయి. మా అమ్మాయి దాని కింద నిలబడింది. చెయ్యి పైకెత్తితే గానీ అందలేదు. "2024ది ఎక్కడుంది?" అని అడిగింది. ఇటువైపు ఉండదమ్మా, కొత్త నది అవతల చూడాలి అని చెప్పాను.

వెళ్ళేవాళ్ళకి రెండు మూడు సంగతులు. గురువారం పండగ సెలవైతే నీళ్ళ కోర్టు ముందురోజు బుధవారమే కూర్చుంటుంది, కాబట్టి క్యాలెండర్ చూసుకోండి. పావుగంట ముందే వెళితే పిల్లలకి ముందు వరసలో చోటు దొరుకుతుంది. సెంట్రల్ మార్కెట్ మధ్యాహ్నం 3 గంటలకల్లా మూసేస్తారు, ఆదివారం అసలే తెరవరు. పయేయా మధ్యాహ్న భోజనమే, రాత్రిపూట ఊరివాళ్ళు తినరు. మూకుడు పెట్టడానికి కనీసం ఇద్దరుండాలంటారు చాలా చోట్ల. శాకాహారులు 'వెర్దూరాస్' అన్న మాట గుర్తుపెట్టుకుని, రసం దేంతో కాచారో కూడా అడగండి. కూరగాయల పయేయాలో కోడి రసం పోసేవాళ్ళూ ఉంటారు. జులై, ఆగస్టుల్లో ఎండలు ఎక్కువే. మేలో వెళితే నీళ్ళు పెట్టిన మళ్ళు, సెప్టెంబర్‌లో వెళితే కోతలు చూడొచ్చు.